మీటరు సాక్ష్యం

నూనె ఒత్తిడి చూపే మీటరు ముల్లు ముప్పై దాటి కిందికి జారుతుండగానే శ్రీహరిరావు తాళం తిప్పి ఇంజను ఆపేశాడు. ఇంజను ఆగితే నూనెకు ఒత్తిడి ఉండదు గనుక ముల్లు టక్కున సున్నాకి పడింది.

"వేడెక్కితే ఒత్తిడి నిలవడం లేదు ఇశ్రాయేలూ. స్ప్రింగు వెనక ఇంకో వాషరు వెయ్యి."

మొఘల్‌పురాలోని ఇశ్రాయేలు షెడ్డుకి ఆ పాత ఫియట్ రావడం ఇది రెండోసారి. శ్రీహరిరావు ప్రభుత్వ ఆఫీసులో ఇంజనీరు, గుంటూరు నుంచి బదిలీ మీద వచ్చిన మనిషి. కారు పందేలంటే పిచ్చి. ఎక్కడో తుక్కులో దొరికిన టర్బోని ఆ చిన్న ఇంజనుకి తగిలించి మద్రాసు పందెంలో నడపాలని ఆయన కోరిక. టర్బో అంటే పొగ జోరుకి గిర్రున తిరుగుతూ ఇంజనులోకి గాలిని తోసే చక్రం. నూనె ఒత్తిడి తగ్గితే బేరింగులు మాడిపోతాయి, మరీ పెరిగితే టర్బోలోంచి నూనె కారి నీలం పొగ వస్తుంది. వేడి మీద ముల్లు యాభై దగ్గర నిలవాలని ఆయన లెక్క.

మొదటిసారి ఆ కారుని పరీక్షకి తీసుకెళ్ళింది అంజన్న. ఇశ్రాయేలు దగ్గర ఏళ్ళ తరబడి పనిచేసిన మెకానిక్. ముల్లు ముప్పై కిందికి వస్తే అక్కడికక్కడే ఆపమని శ్రీహరిరావు మరీ మరీ చెప్పి పంపాడు. చాంద్రాయణగుట్ట దాటాక ఇంజను పట్టేసింది. విప్పి చూస్తే బేరింగులు నల్లగా మాడి ఉన్నాయి.

"నేను చూస్తనే ఉన్న సార్. ముల్లు యాభై మీదనే ఉండె," అన్నాడు అంజన్న.

యాభై ఉంటే బేరింగులు ఎందుకు మాడతాయని శ్రీహరిరావు అడిగాడు. అంజన్న అదే మాట మళ్ళీ అన్నాడు. నిర్లక్ష్యం చేసింది చాలక అబద్ధం కూడా ఆడాడని శ్రీహరిరావు తనకు తెలిసిన ప్రతి షెడ్డులోనూ చెప్పాడు. ఆ తర్వాత అంజన్న చేతికి ఎవరూ పానా ఇవ్వలేదు. మలక్‌పేట గంజ్‌లో బస్తాలు మోస్తున్నాడు.

ఈ రోజు ఇశ్రాయేలే అతన్ని పిలిపించాడు. తప్పు ఒప్పుకుంటే సార్ క్షమిస్తారని, సార్ క్షమిస్తే తాను పనిలోకి తీసుకుంటానని కబురు పెట్టాడు. అంజన్న ఒక్కడే రాలేదు. భార్య కళావతి వెంట ఉంది. ఇద్దరూ షెడ్డు గుమ్మం దగ్గరే నిలబడ్డారు.

"నువ్వు చూసినవని నాకెరుకే," అంది కళావతి మెల్లగా. "గని నేను నమ్మితే పని ఎవలిస్తరు? ఒక్క మాట అనెయ్, అయిపోతది."

అంజన్న భుజం మీద బస్తాలు ఒరుసుకున్న చోట చొక్కా చిరిగి ఉంది.

లోపల ఇశ్రాయేలు వాషరు వేసి బోల్టు బిగించాడు. ఇంజను మొదలైంది. ముల్లు అరవైకి లేచి, వేడెక్కేకొద్దీ మెల్లగా దిగుతూ వచ్చి యాభై దగ్గర ఆగింది. శ్రీహరిరావు ఊపిరి బిగబట్టి చూశాడు. ఇంజను వేగం పెంచాడు, తగ్గించాడు. టర్బో ఈల వేసింది. పొగలో నీలం రంగు లేదు. ముల్లు యాభై నుంచి కదల్లేదు.

"అదీ పనంటే. రాయిలా నిలబడింది చూడు."

ఆయన మొహం విప్పారడం చూసి ఇదే సమయమనుకున్నాడు ఇశ్రాయేలు. గుమ్మం వైపు సైగ చేశాడు. అంజన్న వచ్చి కారు కిటికీ పక్కన నిలబడి, తల వంచుకుని ఏదో అన్నాడు.

"ఇంజను మోతలో వినబడలేదు. గట్టిగా చెప్పు."

అంజన్న ఒకసారి వెనక్కి తిరిగి కళావతిని చూశాడు.

"నేను మీటరు చూడలే సార్," అని అరిచినట్టే చెప్పాడు. "చూసిననని అబద్ధం చెప్పిన."

ఎదురు కొట్టులో రేకు డబ్బాలు అతికే మనిషి కూడా పని ఆపి ఇటు చూశాడు. కళావతి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఈ మాట అప్పుడే అనుంటే ఇంత దూరం వచ్చేదా?" శ్రీహరిరావు గొంతు మెత్తబడింది. "మనిషి మరిచిపోతాడు, భయంతో మాట మారుస్తాడు. మీటరుకి ఆ అవసరం ఏముందోయ్? మద్రాసు నుంచి ఏరి కోరి తెప్పించుకున్న సరుకు అది. సరే, పోనీలే. షెడ్లవాళ్ళకి నేను చెప్తాను. మద్రాసు పందేనికి నా వెంట నువ్వే రావాలి."

ఇశ్రాయేలు చేతిలో ఉన్న పానా తుడిచి అంజన్నకి అందించాడు. అంజన్న దాన్ని తీసుకున్నాడు గాని ఎవరి కళ్ళలోకీ చూడలేదు. కళావతి అక్కడి నుంచే శ్రీహరిరావుకి చేతులు జోడించింది.

ఆయన చిరునవ్వుతో తల ఊపి తాళం తిప్పాడు. ఇంజను ఆగింది. ఫ్యాను రెక్కలు నిలిచిపోయాయి. కారు దిగడానికి తలుపు తీసి, ఒక కాలు కింద పెట్టి, ఆయన అలాగే ఉండిపోయాడు. చిరునవ్వు మొహం మీదే గడ్డ కట్టింది. ఏమైందోనని ఇశ్రాయేలు కిటికీలోంచి తల పెట్టి చూశాడు. ఆ తర్వాత అంజన్న వైపు తిరగడానికి అతనికి మొహం చెల్లలేదు.

ముల్లు ఇంకా యాభై మీదే ఉంది.