కానుగ చెట్టు మూత

మా ఆయన ఓబులేశు పోయిన రోజునే మా ఇంటి ముందరి కానుగ చెట్టుకు నీళ్లు ఆగిపోయాయి.

అనంతపురంలో ఇప్పుడు ఇంటికొక చెట్టు పెంచాలని మున్సిపాలిటీ రూలు. బియ్యం, కూరగాయలు కడిగిన నీళ్లన్నీ దానికే. పోయకుండానే పోశామని చెప్పేవాళ్లు ఎక్కువయ్యాక చెట్ల చుట్టూ సిమెంటు చేసి, మొదళ్ల దగ్గర మూతలు బిగించారు. నమోదైన మనిషి చెయ్యి పెడితేనే మూత తెరుచుకుంటుంది. మా చెట్టు ఆయన పేరు మీద ఉంది.

దినాలు అయ్యేదాకా నన్ను గడప దాటనివ్వలేదు. అవి కాగానే ఎదురింటి మాబున్ని నీళ్ల బిందెతో వచ్చింది.

"ఆకులన్నీ రాలిపోతాండాయి టీచరమ్మా. నేను నీళ్లు పోద్దామంటే ఆ మూత నన్ను దొంగదాన్ని చూసినట్టు చూస్తాది. నీ పేరు ఎక్కించుకో, రా."

వెళ్లి మూత మీద చెయ్యి పెట్టాను. మూతలోంచి ఒక గొంతు మర్యాదగా అడిగింది.

"ఓబులేశు గారు ఇక రారా? రారు అని చెప్పండి."

నేను తలెత్తి కొమ్మల్లోకి చూశాను.

"అంతమంది పిల్లోళ్లతో గట్టిగా చెప్పించేదానివి, ఒక్క మాట చెప్పలేవా?" అని, వెంటనే నాలుక కరుచుకుంది మాబున్ని. "నేను చెప్తే ఒప్పుకోదు తల్లీ. ఇంటి మనిషే చెప్పల్లంట."

గొంతు మళ్లీ అడిగింది. పైన ఒక్క కొమ్మకే పచ్చదనం మిగిలి ఉంది.

"రేపు చెప్తాను" అన్నాను.

అది జవాబు కాదని మూత తెరుచుకోలేదు. మాబున్ని బిందెను నిండుగానే వెనక్కి తీసుకుపోయింది.

చెట్టుకు ఇంకా నీళ్లు పోయలేదు.