నాలుగో అంతస్తు దీపం

చైనాలోని ఛోంగ్‌ఛింగ్‌లో ఇల్డా ఉండే పాత మేడకు లిఫ్టు లేదు. మెట్ల మీది దీపాలు చప్పుడు వింటేనే వెలుగుతాయి. పోర్చుగల్ నుంచి వచ్చిన కొత్తలో ఆమె మొహమాటపడి, చీకట్లోనే తడుముకుంటూ ఎక్కేది.

"గట్టిగా తొక్కవే పిల్లా! దీపానికేం తెలుసు నీ మొహమాటం?" అని నాలుగో అంతస్తు తాన్ అవ్వ కసిరింది. ఆనాటి నుంచి ఇల్డా అడుగుల అలికిడి కాగానే, తలుపు వెనక నుంచి అవ్వ చేతికర్రతో రెండుసార్లు నేలను కొట్టేది. దీపం వెలిగేది. ఇల్డా పై అంతస్తులో తన గదికి చేరి, వచ్చేశానన్నట్టు రెండుసార్లు నేలను తన్నేది. అది విన్నాకే అవ్వ పడుకునేది.

అవ్వ పోయి ఇవాళ్టికి ఏడో రాత్రి.

"ఏడో రాత్రి పోయినవాళ్లు తిరిగొస్తారు. ముసలావిడ ఇల్లు చూసుకోడానికొస్తుంది. కొడుకు ఆవిడకి అన్నం పెట్టి, తాళమేసి వెళ్లాడు. నువ్వు చప్పుడు చెయ్యకమ్మా," అన్నాడు కింది వాటా పెంగ్.

ఇల్డా చెప్పులు చేతపట్టుకుని, ఊపిరి బిగబట్టి ఎక్కింది. నాలుగో అంతస్తులో తాళం వేసిన తలుపు వెనక టక్, టక్. దీపం వెలిగింది.

ఆమె పరుగున తన గదిలో దూరి గడియ పెట్టుకుంది. కాసేపు ఏమీ వినిపించలేదు. తర్వాత కాళ్ల కింద మళ్లీ టక్, టక్. అవ్వ ఇంకా మేలుకునే ఉంది.

నేలను తన్నితే అవ్వ నిద్రపోతుందని ఇల్డాకు తెలుసు. నిద్రపోతే, ఈ ఊళ్లో తన కోసం దీపం వెలిగించేవాళ్లు ఇక ఎవరూ ఉండరనీ తెలుసు.

ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉంది. కింద టక్, టక్.