మూడో ఆకుపచ్చ

మందం చూపించే మీటరు సరిగ్గా ఆ రోజే చేతులెత్తేసింది.

ఇంజనీరమ్మాయి గుండెల్లో రాయి పడింది. నొక్కితే కాస్తంత కరెంటు పుట్టించే పిజోఎలక్ట్రిక్ పొరను సిలికాన్ పలక మీద సరిగ్గా వేయాలని ఆరు నెలలుగా తంటాలు పడుతోంది. ఆ పొరతోనే ప్రెషర్ సెన్సార్లు చేస్తారు. సాయంత్రం శ్వాసయంత్రాల కంపెనీ వాళ్లు తమ పరికరంతో వచ్చి కొలుస్తారు. మందం కాస్త అటూ ఇటూ అయిందంటే ఆర్డరుతో పాటు ఆమె ఉద్యోగమూ పోతుంది.

“మీటరు లేకపోతేనేం, నేను లేనూ?” అన్నాడు మావయ్య.

ఆయన అక్కడ ఎవరికీ మేనమామ కాదు. ముప్పై ఏళ్లుగా పలకల మీద పొర వేసే వాక్యూమ్ మెషీన్ నడుపుతున్నాడు కాబట్టి అందరికీ మావయ్యే. పొర పెరిగేకొద్దీ పలక రంగు మారుతుంది. గులాబీ, ఆకుపచ్చ, మళ్లీ గులాబీ, మళ్లీ ఆకుపచ్చ. మెషీన్‌కున్న చిన్న కిటికీ అద్దంలోంచి లోపలికి చూస్తూ, మూడో ఆకుపచ్చ రాగానే ఆపించడం ఆయన విద్య. ఇంతవరకూ ఒక్కసారీ గురి తప్పలేదట.

మనిషిలో వంక పెట్టాలంటే పిసినారితనం ఒక్కటే. మెషీన్ మొదలవగానే ఫ్లాస్కు మూత తీసి, గ్లాసులో పోసుకుని తీరుబడిగా టీ చప్పరిస్తాడు. పక్కవాళ్లకి చుక్క పెట్టడు. గదిలో టీ తాగరాదని బోర్డుంది గానీ, ఆయనకి చెప్పే ధైర్యం ఎవరికీ లేదు.

ఆ రోజు భయంతో ఆమె గొంతు ఎండిపోయింది. “మావయ్యా, ఒక్క గుక్క.”

“ప్రాణం అడుగు తల్లీ, ఇస్తాను. ఈ టీ మాత్రం అడక్కు.”

ఉక్రోషంగా అద్దంలోకి తొంగిచూసింది. ఊదారంగు వెలుగు తప్ప ఏమీ అంతుపట్టలేదు.

“ఇప్పుడు ఏ రంగులో ఉంది?”

“చూడ్డానికి కళ్లుండాలి, కళ్లద్దాలు కాదు” అని ఇంకో గుక్క తాగాడు మావయ్య.

ఆమె గోళ్లు కొరుక్కుంటూ కూర్చుంది. చివరికి ఆయన ఆఖరి చుక్కా తాగి, గ్లాసు బోర్లించి, అద్దంలోకి ఓసారి చూశాడు.

“ఆపు! ఎడమది నొక్కు!”

“ఎర్ర బటనేగా?”

“ఎడమది అన్నానా!”

నొక్కింది.

సాయంత్రం కంపెనీ వాళ్లు ఒకటికి మూడుసార్లు కొలిచారు. వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు. ఆర్డరు ఖాయమైంది. ఆమెకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

గేటు దగ్గర మావయ్య భార్య స్కూటర్ మీద ఎదురుచూస్తోంది. ఇంజనీరమ్మాయి పరుగున వెళ్లి ఆవిడ రెండు చేతులూ పట్టుకుంది.

“అత్తయ్యా, మావయ్య కళ్లకి దండం పెట్టాలి!”

మావయ్య చేతిలోని ఖాళీ ఫ్లాస్కు అందుకుంటూ అత్తయ్య ఫక్కున నవ్వింది.

“ఆ దండమేదో నాకు పెట్టవే పిల్లా, పావుగంటకో గ్లాసు లెక్కన రోజూ కొలిచి మూడు గ్లాసుల టీ పోసేది నేను, ఈయన కళ్లకి ఎరుపూ ఆకుపచ్చా ఒక్కలాగే కనబడతాయి!”