కందిబేడల డబ్బా

వాకిట్లో చెప్పుల చప్పుడైంది. ఎవరో నడివయసు ఆడమనిషి. నూలు చీర, భుజాన సంచి.

“మౌనిక వాళ్ల ఇల్లు ఇదేనామ్మా?”

నాగలక్ష్మమ్మ ఆమెను ఎగాదిగా చూసింది. గోరంట్ల మగపెళ్లివాళ్లు చెప్పాపెట్టకుండా ఒక మనిషిని పంపి ఆరా తీయిస్తారని తమ్ముడు నారాయణప్ప ముందే చెవిన వేశాడు. ధర్మవరం మగ్గాల ఇళ్లలో సగం సంబంధాలు ఆ మనిషి చెప్పే మాట మీదే కుదురుతాయి.

చటుక్కున లోపలికెళ్లి, మూలన ముడుచుకు కూర్చున్న కూతురి చేతిలోంచి ఫోన్ లాక్కుని కందిబేడల డబ్బాలో, పప్పు అడుగుకు కుక్కింది.

“లేసి మొగం కడుక్కో. మూతి అట్ల పెట్టుకోని రావద్దు.”

కొన్నాళ్లుగా మౌనిక కాలేజీకి పోవడం లేదు. సరిగ్గా తినడం లేదు. మగ్గం మీద ఆమె మొదలుపెట్టిన చీర సగంలో ఆగిపోయింది. ఏమైందే అంటే ఏమీ లేదంటుంది. తల్లి దిష్టి తీసింది, తాయెత్తు కట్టించింది. ఇక పెళ్లయితే అదే సర్దుకుంటుందని ఆమె నమ్మకం.

వచ్చినామె మంచినీళ్లు తాగింది. “అనంతపురంలో పని చేస్తానమ్మా. చదువుకునే పిల్లల మనసు మీద, ఫోన్లలో వాళ్లు పడే బాధల మీద పరిశోధన. మౌనిక వాళ్ల కాలేజీకీ వచ్చాను.”

ఏదో ఒక సాకుతోనే వస్తారు కదా, అనుకుంది నాగలక్ష్మమ్మ. ఆ మాత్రం తనకు తెలీదా?

“తనతో కాసేపు ఒంటరిగా మాట్లాడొచ్చా?”

“నా ముందరే మాట్లాడండమ్మా. మా ఇంట్లో దాపరికాల్లేవు.”

“నిద్ర పడుతోందా మౌనికా?” వచ్చి తల్లి పక్కన కూర్చున్న పిల్లను ఆమె అడిగింది.

“పండుకుంటే లేపేదే కష్టం,” అంది తల్లి.

“ఫోన్ ఎక్కువ చూస్తావా?”

“మా పాప ముట్టనే ముట్టదు.”

అప్పుడే డబ్బాలో ఫోన్ బర్రుమంది. ఆగి మళ్లీ బర్రుమంది. మోగిన ప్రతిసారీ మౌనిక ఉలిక్కిపడింది.

వచ్చినామె డబ్బా వైపు చూడలేదు. ఆ పిల్ల మొహాన్నే చూసింది.

“భయంగా ఉందా తల్లీ?”

“సిగ్గు. కొత్తోళ్ల ముందర దానికి నోరు రాదు.”

“నాకేమైనా చెప్పాలనుందా?”

మౌనిక పెదాలు కదిలాయి. తల్లి సవరిస్తున్నట్టే జడ పట్టుకుని వెనక్కి లాగింది.

“ఏం లేదు మేడం.”

“రేపు మళ్లీ వస్తానమ్మా,” అంది ఆమె, లేవలేక లేస్తూ.

ఇంకోసారి అడిగితే ఈ పిల్ల నోరు జారుతుందని తల్లి భయం. “రేపు మేము గుత్తికి పోతాండాం. యెప్పుడొస్తామో తెల్దు.”

బొట్టు పెట్టి, పట్టు రవిక గుడ్డ చేతిలో పెట్టి సాగనంపింది. గండం గడిచిందని హాయిగా ఊపిరి పీల్చుకుంది.

సాయంత్రం నారాయణప్ప ఫోన్ చేశాడు.

“అక్కా, వాళ్లు ఇంగా ఎవుర్నీ పంపలేదంట. పండగ అయినాంక పంపుతారంట.”

నాగలక్ష్మమ్మ గబుక్కున లేచింది. వీధిలోకి తొంగి చూసింది. అనంతపురం బస్సు ఎప్పుడో పోయింది.

“మరి ఆయమ్మ ఎవురి తరపున వచ్చినాదే?” అంది కూతురితో.

డబ్బాలో ఫోన్ మళ్లీ బర్రుమంది.

“ఆ మోగేదంతా నన్ను తిట్టే మెసేజులేమ్మా,” అంది మౌనిక, తల్లి వైపు చూడకుండా. “నాకు బతకబుద్ధి అయితాలేదు. ఆ మాట చెప్పుకునేకి నేనే రమ్మంటి. ఆయమ్మ నా తరపున వచ్చినాది.”