నల్లరంగు కింద

వెర్లిన్ అన్నకు స్నేహితుడైన రాయిస్ చేపల వేటకు వెళ్లినప్పుడు, అతని భార్య నోరీన్ కొట్టంలో టార్పాలిన్ కింద పడి ఉన్న పెద్ద ఇంజిను ఉన్న పాత మజిల్ కారును వెర్లిన్‌కు ఇచ్చేసింది.

“పట్టుకుపో మరిదీ! ఆయన బాగుచేయడు, ఎవరినీ ముట్టుకోనివ్వడు. నువ్వు మెరిపించి చూపిస్తే ఆయనే మురిసిపోతాడు.”

ఆ రాత్రి ఒహాయో మొక్కజొన్న చేల నడుమ తన షెడ్డులో, వెర్లిన్ కారు తలుపును గరుకు కాగితంతో రుద్దుతున్నాడు. నల్లరంగు కింద ఎరుపు తేలింది. అందులో మేకుతో గీసిన వంకర అక్షరాలు: వెర్లిన్.

అతని చెయ్యి ఆగిపోయింది. చిన్నప్పుడు అన్న లైల్ కారు మీద అలా పేరు గీసి, చెవి మెలిపెట్టించుకున్నది తనే.

లైల్ ఆ కారులోనే ఊరు విడిచి పోయాడని, హైవే ఎక్కుతుంటే కళ్లారా చూశానని చెప్పింది రాయిసే. ఏడుస్తున్న తనను దగ్గరకు తీసుకున్నదీ, అన్న లేని లోటు తెలియకుండా స్పానర్ పట్టడం నేర్పిందీ అతనే. అమ్మ చివరిదాకా ఆ మాటే నమ్మి, కొడుకు తిరిగొస్తాడని వాకిట దీపం ఆర్పనివ్వలేదు.

బయట కీచురాళ్లు ఒక్కసారిగా మూగబోయాయి. కంకర మీద అడుగుల చప్పుడు షెడ్డు గుమ్మం దాకా వచ్చి నిలిచింది.

“తమ్ముడూ,” అంది చీకట్లోంచి రాయిస్ గొంతు, ఎప్పటిలాగే మెత్తగా. “డిక్కీ తెరవలేదు కదా?”