డెబ్బై దాటని గుండె

కొండ ఊళ్లకు మందులు చేరవేసే నూకరత్నం ఇరవై ఏళ్లుగా రెక్కలు కట్టుకునే తిరుగుతోంది. లోయదూకుడు పోటీకి వెళ్లాలని ఆమెకు ఎప్పటినుంచో ఆశ. దానికి స్పాన్సర్ కావాలి. దూకేవాళ్ల గుండెదడను జనం ఇళ్లలో కూర్చుని తమ మణికట్టు మీద అనుభవిస్తారు కనుక, కంపెనీలకు కావలసింది దడే.

మిగతావాళ్లంతా కాదన్నాక, ఈ ఆఖరి కంపెనీ పెట్టిన పరీక్షలో ఆమె శిఖరం మీంచి దూకి, చుట్టు తిరిగి వచ్చి నిలబడింది. ఆమె మణికట్టుకు కట్టిన మీటరులో గుండె వేగం డెబ్బై దాటలేదు.

"చూసేవాళ్లు నిద్రపోతారమ్మా," అన్నాడు కంపెనీ మనిషి.

అంతలో లోయలోంచి ఎవరో అడ్డదిడ్డంగా ఎగిరి వచ్చారు. ఆమె భర్త సన్నిబాబు! మేడ ఎక్కితేనే కళ్లు తిరిగే మనిషి, ఆమె పాత రెక్కలు కట్టుకున్నాడు. నూకరత్నం చేతి మీటరు నూట అరవై చూపించింది.

"సద్దిగిన్ని మర్సిపోనావే," అన్నాడు అతను దిగి, ఆమె చద్దన్నం గిన్నె చాపుతూ.

"దడంటే ఇదీ! పోటీలో ఈయన్ని కూడా ఎగిరిస్తానంటే ఇప్పుడే సంతకం పెడతాను," అన్నాడు కంపెనీ మనిషి.

నూకరత్నం మీటరు విప్పి కంపెనీ మనిషి చేతిలో పెట్టింది.

"ఈ దడ అమ్మకానికి నేదు బాబూ."

తర్వాత భర్త రెక్కల ముడులు ఒక్కొక్కటే విప్పింది.

"పద మావా, నడిసి దిగుదుం."

ఇరవై ఏళ్లలో ఆ కొండను ఆమె నడిచి దిగడం అదే మొదటిసారి.