లేబుల్ లేని మాంసం

ఎస్కిల్ ఆ ప్యాకెట్‌ని బెర్టెల్ చేతిలోంచి లాక్కుని బల్లమీద పడేశాడు. గడ్డకట్టిన మాంసం ఉండలు గులకరాళ్ళలా మోగాయి.

"ఇది తిండి కాదు. తిండి వేషం."

"ఆకలికి వేషాలతో పనేంటి పెద్దాయనా? పెనంమీద పది నిమిషాలు పెడితే చాలు," అన్నాడు బెర్టెల్.

డెన్మార్క్‌లో, జట్లండ్ తీరాన సముద్రపు గాలి కొట్టే ఆ పొడవాటి ఇటుక భవనంలో పన్నెండు మంది మగవాళ్ళకి ఒకటే వంటగది. ఎస్కిల్, బెర్టెల్, లౌరిట్స్, ఇవర్ ఒక జట్టు. నలుగురూ కలిసి వండుకుంటారు, ఆరింటికల్లా ఒకే బల్ల దగ్గర తింటారు. మిగతా ఎనిమిది మందీ డబ్బా మూత లాగడం, లోపలున్నది వెచ్చబెట్టడం, మింగడం. వాళ్ళవైపు చూడాల్సి వస్తే ఎస్కిల్ మూతి వంకర తిరుగుతుంది. పశువైనా నోట్లో పెట్టుకునే ముందు ఒకసారి వాసన చూస్తుంది కదా అని అతని ఉద్దేశం.

వారం పట్టిక రాసేది ఎస్కిలే. అరవై రెండేళ్ళవాడు. కళ్ళద్దాలు ముక్కు కొసకి జార్చుకుని, పెన్సిల్ తడి చేసుకుని రాస్తాడు. కొట్టు తెరిచేది బుధవారం ఒక్కరోజే కాబట్టి ఆ పూట హెర్రింగ్ చేపలు, రై అనే ధాన్యపు పిండిలో దొర్లించి వేపడం. మర్నాడు ఆకుకూరలు, వాడిపోకముందే. శుక్రవారం మాంసం. ఆ తర్వాత క్యాబేజీ, దుంపలు, బీట్‌రూట్. సోమవారం నుంచి మళ్ళీ కొట్టు తెరిచేదాకా నానబెట్టిన బఠాణీలు, బార్లీ. పొడులు లేవు, సూపు బిళ్ళలు లేవు. గ్రేవీకి రంగు కావాలంటే ఎముకలు ఎర్రగా కాల్చి మూడు గంటలు మరిగించాల్సిందే.

ఆ మూడు గంటల దగ్గరే వచ్చింది పేచీ.

"పక్క జట్టు అయిదింటికే తినేసి ఫుట్‌బాల్ చూస్తోంది. మేం మాత్రం నీ ఎముకలకి కాపలా," అన్నాడు లౌరిట్స్.

"చూడనీ. కడుపులో ఏం పోసుకున్నారో వాళ్ళకే తెలీదు."

ఇవర్ ప్యాకెట్ తిప్పి చూశాడు. మెతక మనిషి. "మంచి పంది మాంసమని రాశారుగా ఎస్కిల్. తేదీ కూడా ఆగస్టు దాకా ఉంది."

ఎస్కిల్ నవ్వాడు. చదువురాని వాణ్ణి చూసి గుమాస్తా నవ్వినట్టుంది ఆ నవ్వు.

"రాశారా? కాగితం ఏం పెట్టినా మోస్తుంది ఇవర్. తేదీ అంటే ఒక అంకె. అంకె కొట్టడానికి చిన్న మిషను చాలు. నీ యాభయ్యో పుట్టినరోజుకి మిషను కొట్టిన అంకె తింటావా?"

బెర్టెల్‌కి మండింది. "సరే, ఇక చాలు. శుక్రవారం ఇవర్ పుట్టినరోజు. వాడికి మాంసం ఉండలు కావాలి. నువ్వే వండు, కానీ ఆరు దాటితే మేం ఈ ప్యాకెట్ విప్పుతాం. సోమవారం నుంచి నీ దారి నీది, మా పొయ్యి మాది. ఒప్పుకున్నోళ్ళు చెయ్యెత్తండి."

మూడు చేతులు లేచాయి. ఇవర్ చెయ్యి సగమే లేచింది గానీ, లేచింది.

ఎస్కిల్ పట్టిక మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఇక్కడికి వచ్చిన కొత్తలో మూడు వారాలు ఒంటరిగా తిన్నాడు. మంచం అంచున కూర్చుని, ఒళ్ళో పళ్ళెం పెట్టుకుని, ఎండు రొట్టె. నమిలే చప్పుడు తనకే వినిపించేది. మళ్ళీ ఆ చప్పుడు వినడం అతని వల్ల కాదు. అలాగని ప్యాకెట్ ముందు తల వంచడమూ అతని వల్ల కాదు.

శుక్రవారం కత్తి చేతికొచ్చేసరికే రెండు దాటింది. పంది భుజం ముక్క తెచ్చుకున్నాడు, ఎముకతో సహా. కైమా చేసిపెట్టింది కొననేకొనడు. ముక్కకి మొహం ఉంటుంది, కైమాకి ఉండదని అంటాడు. ఎముకలు కాలుతుంటే మాంసం చేత్తోనే సన్నగా తరిగాడు. ఉల్లిపాయ కోరాడు. గుడ్డు, పాలు, పిండి, మిరియాలు. చెంచాతో తీసి అరచేతిలో తిప్పి ఉండలు చేశాడు. వెన్న నురగ అణిగేదాకా ఆగి పెనంమీద వేశాడు.

ఆరుకి అయిదు నిమిషాలుండగా పళ్ళేలు బల్లమీదకొచ్చాయి.

నలుగురూ తినడం మొదలుపెట్టారు. పక్క జట్టువాడొకడు డబ్బా పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయాడు. ఇవర్ రొట్టెతో పళ్ళెం తుడిచి, ఆ రొట్టె తిని, మళ్ళీ తుడిచాడు.

"మా అమ్మ పోయాక ఇలాంటివి తినడం ఇదే," అన్నాడు.

లౌరిట్స్ కిటికీలోంచి బయటికి చూస్తూ అన్నాడు. "మొన్న ఎత్తిన చెయ్యి నేను దించేశాను. తెలియాలని చెప్తున్నా."

అందరూ బెర్టెల్ వైపు చూశారు. అతను ఆఖరి ఉండ ఫోర్కుతో గుచ్చి నెమ్మదిగా నమిలాడు.

"సోమవారం ఏంటి, బఠాణీలేనా?"

"బఠాణీలే."

"ఎముకలు పొద్దున్నే పెట్టు మరి."

ఎస్కిల్ తల దించుకుని గిన్నెలు తీశాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"ఒక్కటి చెప్పు పెద్దాయనా," అన్నాడు బెర్టెల్, ప్యాకెట్ చెత్తబుట్టలోకి విసిరేస్తూ. "ప్యాకెట్ అంటే నీకెందుకంత అసహ్యం?"

"లోపలేముందో తెలిస్తే నీకూ ఉంటుంది," అన్నాడు ఎస్కిల్.

ఇంకా ఎండ ఉండగానే యూనిఫాం మనిషి వచ్చి, వంటగది కత్తులు లెక్కపెట్టుకుని, నలుగురినీ నాలుగు గదుల్లో పెట్టి బయటినుంచి తాళాలు వేశాడు, అందులో ఎస్కిల్‌ది ఇంకా ఏడు నెలలు రోజూ రాత్రి పడే తాళం, పదకొండు టన్నుల కుళ్ళిన మాంసానికి కొత్త తేదీలు కొట్టి ప్యాకెట్లలో దేశమంతా అమ్మినందుకు.